జపనీస్ ఆనర్స్ నాకు ఒంటబట్టిన వైనం – నా అనుభవం

జపనీస్‌లో డిగ్రీ చేశానని చెప్పగానే విషయం తెలిసినవాళ్ళు "ఎన్ ఎంత పాసయ్యావు?" అని అడుగుతారు, అంటే జపనీస్ పరీక్షలో ఏ మెట్టు దాకా వచ్చానని. తెలియనివాళ్ళు జీతం ఎంతని అడుగుతారు. మా ఊళ్ళో ఈ రెండూ అడగరు. "జపాను భాషలో ఓ ముక్క మాట్లాడమ్మా" అంటారు. మాట్లాడతాను. కోడి కూసినట్టుందని నవ్వుకుని, ఓ బొండం కొట్టి చేతిలో పెడతారు.

మాది కోనసీమ. గన్నవరం అక్విడక్టు దాటాక వైనతేయకీ వశిష్ఠకీ మధ్య ఉండే నగరం దీవిలో, కాలవ ఆఖర్న ఉన్న ఊరు. నాన్న ఐదెకరాలు కౌలుకి చేస్తారు. ఇంటర్ ఎంపీసీ అమలాపురంలో చదివాను. ఆ తర్వాత ఇంజినీరింగ్ అని ఇంట్లోవాళ్ళే కాదు, బస్సు కండక్టరు కూడా అనుకున్నాడు.

జపనీస్ ఎందుకని అడిగితే గొప్ప కారణమేమీ లేదు. మా ఊరికి సెకండ్ హ్యాండ్‌లో ఒక ఊడుపు మిషను వచ్చింది. దాని పక్కన పసుపుపచ్చ స్టిక్కరు మీద ముగ్గుల్లాంటి జపాను అక్షరాలు ఉండేవి. ఏం రాసుందని డ్రైవర్ని అడిగితే, "ఏముంటుందమ్మా, చెయ్యి పెట్టకు అనుంటుంది" అన్నాడు. మన పొలంలో తిరిగే వస్తువు మీద మనకు అర్థంకాని మాట ఉండటం నాకు కొన్నాళ్ళు నిద్రపట్టనివ్వలేదు. అంతే.

వెతికితే తెలిసింది, మన దేశంలో జపనీస్‌ని డిగ్రీగా చదివే చోట్లు తక్కువేనని. ఢిల్లీ జెఎన్‌యూ, శాంతినికేతన్ విశ్వభారతి, హైదరాబాదులో ఇఫ్లూ, ఇంకొన్ని. ఒక విశ్వవిద్యాలయం సిలబస్ పీడీఎఫ్‌ని నెట్ సెంటర్లో ప్రింటు తీయించి ఇంటికి తెచ్చాను. మొదటి పేజీలో కోర్సు లక్ష్యాలు. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం అనే నాలుగింట్లో నైపుణ్యం. జపాన్ చరిత్ర, సాహిత్యం, సమాజం మీద అవగాహన. అనువాద సామర్థ్యం. స్వతంత్రంగా పరిశోధన చేయగల దృష్టి. నాన్న కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు. "ఇందులో ఉద్యోగం అన్న మాట ఎక్కడుందమ్మా?" అన్నారు. ఎక్కడా లేదు.

మా పెదనాన్న ఇంకో మాట అన్నారు. "భాషే కావాలంటే హైదరాబాదులో ఆరు నెలల కోచింగుంది. దానికి మూడేళ్ళ డిగ్రీ ఎందుకు?" ఆ ప్రశ్నకి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. నిజానికి అది మంచి ప్రశ్న. ఈ కోర్సులో చేరాలనుకునేవాళ్ళు ఎవరైనా ముందు ఆ ప్రశ్నే వేసుకోవాలి. కోచింగు చూసేది పరీక్షని. జెఎల్‌పీటీ అనే జపనీస్ సామర్థ్య పరీక్షలో ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు మెట్లు. మొత్తం 180 మార్కులు. ఎన్5కి 80 వస్తే పాసు, ఎన్3కి 95. అన్నీ ఇచ్చిన జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టే ప్రశ్నలే. మాట్లాడే పరీక్ష లేదు, రాసే పరీక్ష లేదు. నోరు విప్పకుండా ఎన్2 పాసైనవాళ్ళని నేను చూశాను. సర్టిఫికెట్ వద్దనను, ఉద్యోగానికి వెళ్తే మొదట అడిగేది దాన్నే. కానీ నాన్న చదివిన ఆ మొదటి పేజీలోవి సగం దానిలో ఉండవు.

ఎలాగో ఒప్పించి చేరాను. ఆరు సెమిస్టర్లు. మొదటి రెండింట్లో దాదాపు అంతా భాషే. హిరగానా 46 అక్షరాలు, కటకానా 46, ఆ తర్వాత కంజి, అంటే ఒక్కో గుర్తుకి ఒక్కో అర్థం ఉండే చైనా అక్షరాలు. కంజికి అంతు లేదు. జపాన్ ప్రభుత్వం నిత్య వాడుకకని ప్రకటించిన జాబితాలోనే 2136 ఉన్నాయి.

మొదటి సెమిస్టర్లో నేను బాగా దెబ్బతిన్నాను. క్లాసులో వివరణ ఇంగ్లీషులో. నేను జపనీస్ వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చుకుని, దాన్ని మళ్ళీ తెలుగులోకి మార్చుకుని అర్థం చేసుకునేదాన్ని. రాజోలు నుంచి అమలాపురం వెళ్ళడానికి రాజమండ్రి మీదుగా తిరిగినట్టు. మొదటి ఇంటర్నల్‌లో వచ్చిన మార్కులు ఇంట్లో చెప్పలేదు.

సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని గ్రామర్ చదువుతున్నాను. 'తబెతె మిరు' అన్న ప్రయోగం. ఒక పనిని ప్రయత్నించి చూడటానికి వాడతారని పుస్తకంలో మూడు లైన్ల వివరణ. అంతలో మామ్మ అరిసె పళ్ళెంతో వచ్చి "ఇది తిని చూడవే" అంది. తబెతె అంటే తిని. మిరు అంటే చూడు. నేను పళ్ళెం అందుకోవడం మర్చిపోయాను.

ఆ రోజు నుంచి నోట్సులో ఇంగ్లీషు తీసేశాను. 'కత్తె ఒకు', కొని పెట్టు. 'కినో కత్త హొన్', నిన్న కొన్న పుస్తకం, ఒక్క మాట అటూ ఇటూ జరపక్కర్లేదు. 'కురు తొ ఇత్త', వస్తానని అన్నాడు. ఆ 'తొ' మన 'అని'. చివర్న 'నె' అంటే మన 'కదా'. క్రియ ఆఖర్నే వస్తుంది, విభక్తి మాట వెనకాలే వస్తుంది. మిగతా పిల్లలు నెల రోజులు కుస్తీ పట్టిన వాక్యాలు నాకు వారంలో వచ్చాయి. ఇందులో నా తెలివేమీ లేదు, పుట్టిన చోటు అలాంటిది.

ఉచ్చారణ కూడా అంతే. జపనీస్ మాటలు 'న్' తప్పిస్తే అచ్చుతోనే ముగుస్తాయి, తెలుగులాగే. హ్రస్వం దీర్ఘం తేడా చేస్తే అర్థం మారిపోతుంది. 'ఒబసన్' అంటే అత్తో పిన్నో, 'ఒబాసన్' అంటే మామ్మ. ఒత్తు వదిలేస్తే ఇంకో మాట. 'త్సు' అనే శబ్దం చాలామందికి నోరు తిరగదు. మా మామ్మ 'చుట్టం' అన్నప్పుడు, 'చలి' అన్నప్పుడు మొదట వినిపించేది దాదాపు అదే. అక్కడా గలగల, జలజల లాంటి జంట మాటలు కుప్పలు. గుండె దడదడలాడితే 'దొకిదొకి', తుంపర పడితే 'షితొషితొ'. 'కిరకిర' అంటే మాత్రం మనకి కొత్త చెప్పుల చప్పుడు, వాళ్ళకి నక్షత్రాల తళతళ.

కంజి దగ్గర తెలుగు సాయం రాదనుకున్నాను. ఒకే అక్షరాన్ని రెండు రకాలుగా చదవాలి. నీటి గుర్తు ఒంటరిగా ఉంటే 'మిజు', ఇంకో గుర్తుతో కలిస్తే చాలాసార్లు 'సుయి'. ఇదేం గోల అని ఏడ్చినంత పని చేశాను. తర్వాత తట్టింది. ఒకటి నీళ్ళు, ఇంకోటి జలం. వాళ్ళ సొంత మాట ఒకటి, చైనా నుంచి తెచ్చుకున్నది ఒకటి. మనం 'తాగునీరు' అనీ అంటాం, 'జలాశయం' అనీ అంటాం, 'నీరాశయం' అనం. అలాగన్నమాట. నదికి మూడు నిలువు గీతలు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ అని గుర్తుపెట్టుకున్నాను. పొలానికి చదరంలో ఒక కూడిక గుర్తు, నాలుగు మడులూ మధ్యలో గట్లూ. పరీక్షలో అది రాస్తున్నప్పుడల్లా గట్టు తెగకుండా రాయాలనిపించేది.

వరి మాటల దగ్గర నాకు ఇంగ్లీషు మీద జాలేసింది. పైరు 'ఇనె', వడ్లు 'మొమి', బియ్యం 'కొమె', అన్నం 'గొహన్', గడ్డి 'వర'. ఆకుమడికి 'నవషిరొ', ఊడుపుకి 'తఉఎ'. ఇంగ్లీషులో చేలో ఉన్నదీ రైసే, కంచంలో ఉన్నదీ రైసే.

రెండో ఏడాది 'కేగో', అంటే మర్యాద భాష మొదలైంది. సిలబస్‌లో దానికి ఒక్క లైను. మేం చదివింది సెమిస్టరంతా. క్లాసులో అందరికీ ఇది గండం. నేను గోదావరి జిల్లా పిల్లని, ప్రతి వాక్యం చివరా 'అండి' తగిలించుకుని పుట్టినదాన్ని, నాకేం భయం అనుకున్నాను. మొదట అలాగే సాగింది. 'దెస్', 'మస్' అంటే మన అండి. 'ఇరష్షరు' అనే క్రియ రావడానికీ, వెళ్ళడానికీ, ఉండటానికీ గౌరవంగా వాడతారు. అందరూ తికమకపడ్డారు. మాకు 'దయచేయండి' ఉందిగా, లోపలికి రమ్మనడానికీ అదే, ఇక బయల్దేరమనడానికీ అదే. 'మెషిఅగరు' అంటే ఆరగించు. 'ఒష్షరు' అంటే సెలవిచ్చు. ఈ మాటలు నేనెప్పుడూ వాడలేదు. మామ్మ వాడేది, అదీ పురోహితుడు గారు వచ్చినప్పుడు. ఫోన్ చేసి అడిగి రాసుకునేదాన్ని. "నీ చదువు నాకు పరీక్షగా ఉందే" అనేది.

అతి నమ్మకం ఓరల్స్‌లో దెబ్బకొట్టింది. మీ కుటుంబం గురించి చెప్పమన్నారు. నేను 'ఒతోసన్' అన్నాను, నాన్నగారు అని. ఆయన చేసే పనులకి గౌరవ క్రియలు వరసగా వాడాను. పరీక్ష తీసుకునే మేడమ్ చిన్నగా నవ్వి ఆపేశారు. బయటివాళ్ళ ముందు మనవాళ్ళని పెంచి చెప్పకూడదు. 'చిచి' అనాలి, క్రియ తగ్గించాలి. కంపెనీలో పనిచేస్తే బయటివాళ్ళతో సొంత బాస్ పేరు చివర కూడా మన 'గారు' లాంటి 'సన్' తీసేయాలి. మా వైపు నాన్నని పదిమందిలో 'నాన్నగారండి' అనకపోతే పెంపకం లేదంటారు. ఒక్క ఓరల్‌కి నాకు అర్థమైంది, తెలుగు నన్ను గుమ్మం దాకా దింపుతుంది గానీ లోపలికి నేనే నడవాలని. 'వ', 'గ' అనే రెండు చిన్న ప్రత్యయాల తేడా కూడా అంతే. ఈ రోజుకీ అప్పుడప్పుడూ తప్పుతాను.

ఆ ఎండాకాలం ఊడుపు మిషను స్టిక్కరు చదివాను. 'చేతులు పెట్టరాదు' అనే ఉంది. డ్రైవరు కాలరెగరేశాడు.

మూడో ఏడాదిలో కోర్సు స్వభావమే మారిపోయింది. చరిత్ర, సాహిత్యం, అనువాదం, చివర్న ప్రాజెక్టు. సాహిత్యం పేపరు గురించి నిజం చెప్పాలంటే నాకు నిరాశే. పదకొండో శతాబ్దపు ఆరంభంలో ఒక రాణివాసపు స్త్రీ రాసిన గెంజి కథని ఇంగ్లీషు అనువాదంలో, అదీ జిరాక్సు ముక్కల్లో చదివాం. లైబ్రరీలో జపనీస్ పుస్తకాలు రెండు బీరువాలకి మించవు. లక్ష్యాల పేజీలో 'మూల గ్రంథాల పరిచయం' అని ఉంది. పరిచయం అంటే నిజంగానే పరిచయం, ఎదురుపడితే నమస్కారం పెట్టేంత.

చరిత్ర అలా కాదు. 712లో పూర్తయిన కొజికి అనే పాత గ్రంథంలో వాళ్ళ దేశానికి వరి కంకుల దేశమని పేరు. ఎడో యుగంలో, అంటే 1603 తర్వాత, ప్రభువుల స్థాయిని డబ్బుతో కాదు, బియ్యంతో కొలిచేవారు. కొలమానం 'కొకు'. సుమారు 180 లీటర్లు, బరువులో దాదాపు 150 కేజీలు, ఒక మనిషికి ఏడాది తిండి. పదివేల కొకుల రాబడి ఉంటేనే 'దైమ్యో', అంటే పెద్ద ప్రభువు. ఫోన్లో నాన్నకి చెప్పాను. మన బస్తా 75 కేజీలు కదా, వెంటనే లెక్క కట్టారు. "ఇరవై వేల బస్తాలు. అదీ ధాన్యం కాదు, బియ్యం. బానే ఉన్నాడు" అన్నారు. కగా ప్రభువుకి పది లక్షల కొకులుండేవని చెప్తే కాసేపు మాట్లాడలేదు.

ఆ సెమిస్టర్లోనే అనువాదం పేపరులో ఒక విచిత్రమైన ముక్క ఇచ్చారు. కథ కాదు, వార్త కాదు, ఒక జపాన్ విశ్వవిద్యాలయం వెబ్‌సైటులోని డిగ్రీ లక్ష్యాలు. అక్కడి విశ్వవిద్యాలయాలన్నీ మూడు విధానాలు ప్రకటించి తీరాలని 2017 ఏప్రిల్ నుంచి నిబంధన. ఎవరికి పట్టా ఇస్తాం, దానికోసం ఏం బోధిస్తాం, ఎలాంటివాళ్ళని చేర్చుకుంటాం. నాలుగేళ్ళలో కనీసం 124 క్రెడిట్లు. ఒక క్రెడిట్ అంటే 45 గంటల చదువు, అందులో క్లాసు బయట సొంతంగా చదివేది కూడా లెక్కే. మన యూజీసీ చట్రంలో మూడేళ్ళ డిగ్రీకి 120.

అనువదిస్తుంటే ప్రతి లక్ష్యం చివరా ఒకే క్రియ. 'మి ని త్సుకెరు'. నిఘంటువులో 'సంపాదించుకొను' అని ఉంది. విడగొట్టి చూస్తే 'మి' అంటే ఒళ్ళు, 'త్సుకెరు' అంటే తగిలించుకోవడం. ఒంటికి పట్టించుకోవడం! ఫలానా జ్ఞానం ఒంటబట్టినవారికి పట్టా ఇస్తాం అని రాశారన్నమాట. చదువు ఒంటబట్టలేదు అని మా ఊళ్ళో రోజూ తిట్టే తిట్టు అక్కడ యూనివర్సిటీ నిబంధనలో కూర్చుంది. ఆ రాత్రి నా పాత పీడీఎఫ్ ప్రింటు తీసి మళ్ళీ చదివాను. మడతల దగ్గర చిరిగిపోయింది. ఆ నాలుగు లక్ష్యాల పక్కన పెన్సిలుతో టిక్కులు పెట్టుకున్నాను. భాషకి సగం టిక్కు. అనువాదానికి ఒకటి. పరిశోధన దృష్టి దగ్గర ఏమీ పెట్టలేకపోయాను.

ప్రాజెక్టుకి మొదట పూల అలంకరణ మీద రాస్తానన్నాను. మా గైడ్ కాగితం వెనక్కి ఇచ్చేశారు. "ఇది ఎవరైనా రాస్తారు. జపాన్‌ని నువ్వు మాత్రమే అడగగలిగిన ప్రశ్న ఒకటి పట్టుకురా" అన్నారు. రెండు వారాలు టెన్షన్. ఊళ్ళో దాళ్వా, అంటే రెండో పంట నడుస్తోంది. నాన్న ఫోన్ చేసి, గోదాట్లో నీళ్ళు తగ్గి కాలవకి వంతులు పెట్టారనీ, మన బోదెకి వంతు అర్ధరాత్రి వస్తోందనీ, నిద్ర లేదనీ చెప్పారు. పెట్టేశాక ఊరికే వెతికాను. జపాన్‌లో నీళ్ళకి వంతులుండేవా? 'బన్‌సుయి' అని వచ్చింది. 'బన్' అంటే వంతు. 'సుయి' అంటే జలం.

ఈసారి కాగితం వెనక్కి రాలేదు. ఒక షరతు మాత్రం పెట్టారు. ఇంగ్లీషులో రాసినవి చూడొద్దు, జపనీస్‌లోవే చదవాలి అని. రోజుకి ఒక పేజీ చదవగలిగితే పండగ. షికోకు దీవిలో కగవ అని వానలు తక్కువ పడే చోటుంది, చెరువుల మీద బతికింది. అక్కడి మన్నో చెరువు గట్టుని 821లో కూకై అనే బౌద్ధ సన్యాసి దగ్గరుండి బాగు చేయించాడు. ఆ వైపు కరువు రోజుల్లో ఎవరి పొలానికి ఎంతసేపు నీళ్ళన్నది అగరవత్తి వెలిగించి కొలిచేవారు. వత్తి కాలిపోతే నీ వంతు అయిపోయినట్టు. దాని పేరే అగరవత్తి నీళ్ళు, 'సెన్‌కోమిజు'. స్వార్థంగా మాట్లాడటాన్ని ఇప్పటికీ 'గదెన్ ఇన్‌సుయి' అంటారు. తన చేలోకే నీళ్ళు మళ్ళించుకోవడం అని.

ఏప్రిల్లో కాలవలు కట్టేశాక ఇంటికొచ్చాను. మధ్యలో ఏడాది స్కాలర్‌షిప్ మీద జపాన్ వెళ్ళడానికి అప్లై చేశాను, రాలేదు. కాబట్టి నా ఫీల్డ్ వర్కంతా మా బోదె గట్టు మీదే. కాలవ నీళ్ళు చూసుకునే లస్కరు బాబాయిని రెండు పూటలు కూర్చోబెట్టి లాకుల సంగతులు రాసుకున్నాను. 1852లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో కట్టిన ధవళేశ్వరం బ్యారేజీ నుంచి మా ఊరి తూము దాకా నీళ్ళు ఎన్ని చేతులు మారతాయో నేను పుట్టి పెరిగినచోటే మొదటిసారి తెలుసుకున్నాను.

రాత్రి అన్నాలయ్యాక నాన్నకి రాసింది చదివి వినిపించాను. అగరవత్తి దగ్గర మామ్మ పగలబడి నవ్వింది. నాన్న నవ్వలేదు. "గాలేస్తే వత్తి తొందరగా కాలిపోదూ?" అన్నారు. ఆ తర్వాత, "శివారోళ్ళకి అందేవా? అది రాశావా?" అన్నారు. నేను రాయలేదు. మా పొలం శివారు. ఇరవై పేజీలు రాసి, కాలవ ఆఖరివాడి సంగతి వదిలేశాను.

ఆ ఒక్క ప్రశ్న కోసం మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. వెతుకుతూ వెతుకుతూ 1949 నాటి వాళ్ళ భూమి అభివృద్ధి చట్టం దగ్గర తేలాను. కాలవల సంరక్షణకి రైతులే సంఘం కట్టుకునే చట్టం అది. పదిహేను మంది కలిసి మొదలుపెట్టాలి. ఆ ప్రాంతంలో అర్హులైనవాళ్ళలో మూడింట రెండొంతులు ఒప్పుకుంటే అందరూ అందులోకి వస్తారు. మనకీ 1997లో నీటి సంఘాల చట్టం వచ్చింది కదా, పక్కపక్కన పెట్టి ఒక అధ్యాయం రాయొచ్చనుకున్నాను. అర్హులెవరో చెప్పే మూడో సెక్షన్ చదవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. చట్టం వాక్యాలు ఏ భాషలోనైనా ఊపిరాడనివ్వవు. అందులో మూల సూత్రం ఇది: చేను కౌలుకిచ్చి ఉంటే సభ్యత్వం సామాన్యంగా సాగు చేసేవాడిది, సొంతదారుది కాదు. దానికి మినహాయింపులున్నాయి, అవి వేరే.

నాన్నకి చెప్పాను. ఆయన కౌలుకి కాగితం లేదు, నోటిమాటే. నీటి సంఘం జాబితాలో ఆయన పేరు ఎప్పుడూ లేదు. చేతిలో ఉన్న తువ్వాలు భుజాన వేసుకుని, "సాగు చేసేవాడంటే కౌలోడేనా? సరిగ్గా చూశావా?" అన్నారు.

"చూశాను నాన్నా."

"ఏదీ, ఆ ముక్క జపాను భాషలో ఎలా ఉందో ఓసారి చదువు."

చదివాను. పొడవాటి వాక్యం, రెండుచోట్ల తడబడ్డాను. కోడి కూసినట్టుందని అనలేదు. మళ్ళీ ఒకసారి చదివించుకున్నారు.